వల్లి గోరువంక, ఊరికే వచ్చిన గూడు

అనగనగా ఒక అడవిలో ఒక గోరువంక ఉండేదనీ, ఊరికే వచ్చిన వస్తువుల మీద ఆశతో అబద్ధం చెప్పిందనీ, అడవి అంతా కలిసి దాన్ని తరిమేసిందనీ, అందుకే ఈనాటికీ గోరువంకలు మన ఇళ్ల చుట్టూ తిరుగుతున్నాయనీ మీకు ఎవరో చెప్పే ఉంటారు పిల్లలూ. అందులో ఒక్క మాటే నిజం. గోరువంక అబద్ధం చెప్పింది. ఆశతో చెప్పిందా, తరిమేశారా అన్నవి మాత్రం కథ మొత్తం విన్నాక తేల్చుకుందాం.

ఆ అడవి పేరు నల్లచరియ. గోరువంక పేరు వల్లి. అడవి నడుమ ఒక పెద్ద బండ ఉండేది. దాని మీద నిలబడి పలికితే ఆ మాట నాలుగు లోయల్లోనూ మారుమోగేది. వల్లి రోజూ పొద్దున్నే ఆ బండెక్కి, అడవిలో ఎవరు ఏ వస్తువు చేశారో, అది ఎలా ఉందో చెప్పేది. అది విన్నాకే అందరూ కాయో పండో ఇచ్చి ఆ వస్తువు తెచ్చుకునేవారు.

వల్లికి ఒక పద్ధతి ఉండేది. ఏ వస్తువైనా మూడు రోజులు చూడాలి. ఒక రోజు ఎండలో, ఒక రోజు జలపాతం కింద, ఒక రోజు కొండసందు గాలిలో. నాలుగో రోజు గానీ నోరు విప్పేది కాదు. బండ పక్కన కమఠయ్య అనే ముసలి తాబేలు ఉండేవాడు. వల్లి చెప్పిన మాటను ఏ రోజుది ఆ రోజు, తేదీతో సహా, బండ అంచున గోటితో గీసి పెట్టడం ఆయన పని.

వల్లి మాటకు విలువ పెరిగింది. అప్పుడు కానుకలు మొదలయ్యాయి.

మొదట ఎలుగుబంటి ఒక తేనెపట్టు తెచ్చింది.

"ఊరికే తీసుకో తల్లీ. నచ్చితే ఒక మాట చెప్పు, అంతే" అంది.

వల్లి మూడు రోజులూ చూసింది. ఎండలో పెట్టిన తేనె కాస్త పులిసింది. చెబుదామని బండెక్కింది. కింద ఎలుగుబంటి రెండు చేతులూ కట్టుకుని, చిన్నపిల్లలా తలెత్తి చూస్తోంది. వల్లి పులుపు సంగతి మింగేసి, "తియ్యగా ఉంది" అంది.

తరవాత ముళ్లపంది తన ముళ్లతో చేసిన దువ్వెన తెచ్చింది. దాన్ని వల్లి రెండే రోజులు చూసింది. రెండో రోజు దువ్వుకుంటుంటే తన ఈక ఒకటి ఊడివచ్చింది. బండ కింద ముళ్లపంది, ముళ్లపంది పెళ్లాం, నలుగురు పిల్లలూ వరసగా కూర్చున్నారు. "ఈకలు మెరుస్తాయి" అంది వల్లి.

చెట్టు మీద నుంచి గంగులు అనే కొండముచ్చు పకపకా నవ్వాడు.

"ఏమమ్మా వల్లమ్మా! ఈ మధ్య నీకు నచ్చని వస్తువే అడవిలో పుట్టడం లేదే!"

"నీకు నచ్చే వస్తువు ఇంతవరకూ పుట్టిందా?" అంది వల్లి.

అందరూ నవ్వారు. కానీ గంగులు మాట వల్లికి ముల్లులా గుచ్చుకుంది. తనకు తేనె మీద ఆశ లేదు. దువ్వెన అవసరం అంతకన్నా లేదు. ఇచ్చినవాళ్ల మొహం కళ్లముందు ఉంటే, ఉన్నమాట గొంతు దాటడం లేదు. అది మొహమాటం. ఈ కథ చెప్పేవాళ్లు ఆశకూ మొహమాటానికీ తేడా చూడలేదు.

ఆ ఏడు వేసవిలో అడవికి కార్చిచ్చు తగిలింది. చెట్ల తొర్రలు కాలిపోయాయి. గడ్డి మాడిపోయింది. వానలు దగ్గరపడుతున్నాయి, తలదాచుకోవడానికి చోటు లేదు. గూళ్లు అల్లడంలో పేరున్న గిజిగాడు గవరయ్య ఇంటి ముందు జనం గుమిగూడారు.

గూడు పచ్చిగడ్డితోనే అల్లాలి. ఎండేకొద్దీ ముడి బిగుస్తుంది. అది గవరయ్యకు తెలియని సంగతి కాదు. కానీ పచ్చిగడ్డి ఎక్కడా లేదు. నిరుటి ఎండుగడ్డి కొంత దాచుకుని ఉన్నాడు. దానితోనే అల్లేశాడు. మొదటి గూడు తీసుకుని వల్లి దగ్గరికి వచ్చాడు.

"ఇది నీకే అమ్మాయీ. ఊరికే. నచ్చితే చెప్పు."

"నచ్చకపోతే బాబాయ్?"

"నచ్చకపోతే నీ నోటికెందుకమ్మా శ్రమ?" అన్నాడు గవరయ్య నవ్వుతూ.

వల్లి ఆ గూట్లో ఒక్క ఉదయం ఎండలో కూర్చుంది. మెత్తగా, హాయిగా ఉంది. జలపాతానికి మోసుకెళదామని లేవబోయింది. ఇంతలో గవరయ్య మళ్లీ వచ్చాడు.

"చెప్పెయ్యి తల్లీ. అందరూ ఎదురుచూస్తున్నారు. నేనేమైనా నీకు కొత్తవాణ్ణా?"

వల్లి బండెక్కింది. గూడు గట్టిదని చెప్పింది. నాలుగు లోయలూ "గట్టిది, గట్టిది" అని మారుపలికాయి.

అప్పుడు చంద్రి అనే ఉడత బండ దగ్గరికి వచ్చింది. దాని తొర్ర మంటల్లో పోయింది. మూడు పసికూనలు. ఇంకా కళ్లు తెరవలేదు.

"వదినా, నా పిల్లల్ని అందులో పడుకోబెడతాను. జలపాతం కింద పెట్టి చూశావా?"

పక్కనే గవరయ్య చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు. వల్లి ఒకసారి అతని వైపు చూసింది, ఒకసారి చంద్రి వైపు చూసింది.

"చూశాను" అంది.

ఆ ఒక్క మాట నమ్మి చంద్రి గవరయ్య దగ్గర అలాంటిదే ఇంకొక గూడు తీసుకెళ్లి, వాగు అవతల తుమ్మచెట్టు చిటారుకొమ్మకు కట్టుకుంది. ఇంకొందరు కూడా గవరయ్య గూళ్లే తెచ్చి, వాన అంతగా తగలని బండల చాటున కట్టుకున్నారు.

మూడో రోజు మధ్యాహ్నం వాన మొదలైంది. వల్లి తన గూట్లోనే ఉంది. కాసేపటికి గూడు కొద్దిగా కిందికి జారినట్టయింది. తల బయట పెట్టి చూసింది. తడిసిన గడ్డి సాగుతోంది. ముడి ఒక్కొక్క పోగే వదులవుతోంది.

చంద్రి గూడూ ఇదే గడ్డి. వెళ్లి చెబితే తన అబద్ధం బయటపడుతుంది. రేపటి నుంచి బండ కింద ఒక్కరూ నిలబడరు. చెప్పకపోతే?

కళ్లు తెరవని మూడు మొహాలు కళ్లముందు మెదిలాయి. గవరయ్య మొహం కనబడకుండా పోయింది. వల్లి వానలోకి ఎగిరింది.

"చంద్రీ! పిల్లల్ని తీసుకుని బయటికి రా!"

"ఇంత వానలోనా? జలపాతానికే ఆగిందన్నావుగా వదినా?"

"ఆగలేదమ్మా! నేనసలు జలపాతం కింద పెట్టలేదు. నీకు అబద్ధం చెప్పాను. రా, ముడి ఊడిపోతోంది!"

చంద్రి మొదటి కూనను నోట కరుచుకుని పక్కచెట్టు తొర్రకు దూకింది. మంటలకు మిగిలిన ఆ తొర్ర చిన్నది, ఒక పూటకు సరిపోతుంది. రెండో కూన కోసం వచ్చేసరికి గూడు పక్కకు ఒరిగింది. వల్లి అరుపులు విని గంగులు కొమ్మలు పట్టుకుని ఊగుతూ వచ్చాడు. గూటి అడుగున రెండు చేతులూ పెట్టి పట్టుకున్నాడు.

"తొందరగా కానివ్వమ్మా! దీన్ని పట్టుకుంటుంటే గడ్డి చేతికొస్తోంది!"

చంద్రి మూడో కూనను అందుకుంది. అది తొర్ర చేరకముందే గూడు గంగులు వేళ్ల మధ్య నుంచి విడిపోయి, గుప్పెడు తడిగడ్డిగా వాగులో పడింది.

చంద్రి పిల్లల్ని తోకతో కప్పి, వల్లి వైపు తిరిగింది.

"పిల్లలు తడిశారు, ఆరుతారు. నీ మాట ఎప్పటికి ఆరుతుందో వదినా" అంది.

మర్నాడు పొద్దున వల్లి బండెక్కింది. అడవి అంతా వచ్చింది. వల్లి అందరి ముందూ చెప్పింది.

"ఆ గూడు నాకు ఊరికే వచ్చింది. దాన్ని ఒక్క పూటే చూశాను. మూడు రోజులు చూశానని మిమ్మల్ని నమ్మించాను. గూళ్లు ఇప్పుడే దింపేయండి."

లోయలు ఆ మాటనూ మారుపలికాయి. గవరయ్య మండిపడ్డాడు.

"నా నోట్లో మట్టి కొట్టావే! ఇంతమందిలో పరువు తీశావే!"

"బాబాయ్, ముడి ఆగదని మొదటి రోజే నీకు చెప్పాల్సినదాన్ని నేనే. జలపాతం కింద పెట్టి ఉంటే తెలిసేది. చెప్పి ఉంటే పచ్చిగడ్డి మొలిచేదాకా ఆగేవాడివి కాదా?"

"ఆగేవాణ్ణే. నాకూ అనుమానంగానే ఉండింది. నువ్వు బాగుందన్నాక నేనూ నమ్మేశాను" అన్నాడు గవరయ్య.

అక్కడే వాళ్లిద్దరూ ఒక మాట అనుకున్నారు. దింపిన గూళ్లకు బదులు, వచ్చే ఏడు గడ్డి ఏపుగా పెరిగాక గవరయ్య కొత్తవి అల్లి ఇవ్వాలి. ఊరికే వచ్చిన ఏ వస్తువుకైనా వల్లి ముందుగా ఎర్రమట్టితో ఒక గీత పెట్టి, అందరికీ చూపించి, ఆ తరవాతే దాని గురించి మాట్లాడాలి.

మరుసటి రోజు బండ కింద కమఠయ్య ఒక్కడే ఉన్నాడు. ఆయన కూడా వినడానికి వచ్చినవాడు కాదు. నిన్నటి మాట గీయడం ఆయనకు ఇంకా పూర్తి కాలేదు. వల్లి ఆయనకే చెప్పింది. అలాగే రోజూ చెప్పింది. ఎర్రగీత పెట్టింది, మూడు రోజులూ చూసింది, పులిస్తే పులిసిందంది, ఈక ఊడితే ఊడిందంది. నెల తరవాత గంగులు వచ్చి కొమ్మ మీద కూర్చున్నాడు. "వెక్కిరించడానికి వచ్చాను" అన్నాడు. మర్నాడూ వచ్చాడు.

ఇక మొదట్లో తేల్చకుండా వదిలిన రెండో ప్రశ్న. వల్లిని తరిమేశారా? ఊళ్లలో గోరువంకలు అంతకుముందూ ఉన్నాయి. కాబట్టి అది సాక్ష్యం కాదు. తరిమేయడం ఎవరూ కళ్లతో చూసింది లేదు. చూశామన్నవాళ్లంతా విన్నవాళ్లే. కమఠయ్య గోటిగీతలు మాత్రం నల్లచరియ బండ అంచున ఉన్నాయి. కార్చిచ్చు ఏట ఆషాఢ బహుళ పంచమి నాటి గీతలో, "వల్లి తన అబద్ధం తానే చెప్పెను" అని ఉంది. దానికి ఏడాది పైచిలుకు తరవాత ఇంకొక గీత ఉంది:

"కార్చిచ్చు మరుసటి ఏడు, శ్రావణ శుద్ధ విదియ. గవరయ్య పచ్చిగడ్డి గూడు. వల్లికి ఊరికే వచ్చినది, ఎర్రగీత పెట్టెను. ఎండ, నీరు, గాలి మూడును చూచెను. బాగున్నదని చెప్పెను. ఆ మాట నమ్మి మొదట గూడు తీసుకొన్నది ఉడత చంద్రి."

నీతి: ఇచ్చినవారి మొహం చూసి కాదు, నమ్మినవారి మొహం చూసి మాట చెప్పాలి, ఊరికే వచ్చినదైతే ఆ సంగతే ముందు చెప్పాలి.