సరంగు ఆయుష్షుకు వేలం పాట

ఉప్పుగాలికి గోడల మీద సున్నం నిలవని రేవు పట్టణం ఒకటి అనగనగా ఉండేది. రణధీరుడనే రాజు దాన్ని ఏలేవాడు. ఓడలు వర్తకులవి. వాటి మీద పోయే ప్రాణాలు నావికులవి.

సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళందరూ తిరిగి రారు. అందుకని వర్తక సంఘం ఒక ఏర్పాటు చేసింది. నావికుడు ఏటా రెండు తూముల ధాన్యం సంఘం గాదెలో పోయాలి. సంఘం అతని పేరు చెక్కిన రాగి బిళ్ల ఇస్తుంది. అతను పోయాక, ఆ బిళ్ల తెచ్చినవారికి అయిదు పుట్ల ధాన్యం, అంటే నూరు తూములు, కొలిచిపెడుతుంది. ఒక్క ఏడు కొలత తప్పితే మాత్రం బిళ్ల చెల్లదు. ఏర్పాటు బాగుందని రాజు కూడా ఒక బిళ్ల తీసుకున్నాడు.

ఏటా ఎంత పోయాలో లెక్క కట్టింది మాచన అనే గణకుడు. ఆ ఊళ్ళో మాచనను ఎరగనివారు లేరు. వయసులో ఉన్నప్పుడు అతను బానిసల సంతను ఆపించాడు. రేవులో ఒక నల్లరాతి అరుగు ఉండేది. దాని మీద మనుషులను నిలబెట్టి అమ్మేవారు. మాచన పన్నెండేళ్ళు వీధి వీధీ తిరిగి అది తప్పని చెప్పాడు. రాళ్ళు వేశారు, కొలువు తీసేశారు, ఇంటికి నిప్పు పెట్టారు. చివరికి పాత రాజుగారు ఆ సంతను నిషేధించారు. అరుగు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇక దాని పని అయిపోయిందనుకున్నాడు మాచన.

ఒక ఉదయం అతను రేవులో నడుస్తుంటే ఒక కేక వినబడింది.

"ఒకటో పాట! రెండో పాట!"

అది నల్లరాతి అరుగు వైపు నుంచి వచ్చింది. గబగబా అటు నడిచాడు. అరుగు మీద ఒక ముసలివాడు నిలబడి ఉన్నాడు. అతను పోలయ్య. ముప్పై ఏళ్ళు ఓడలు నడిపిన సరంగు. చేతులు వణుకుతున్నాయి. చుట్టూ నలుగురు వర్తకులు చేరారు.

"కాస్త దగ్గు, తాతా" అన్నాడొకడు.

పోలయ్య దగ్గాడు. ధర ఒక తూము పెరిగింది.

"నాలుగడుగులు వెయ్యి."

పోలయ్య నడిచాడు. మోకాలు మడతపడి తూలాడు. ధర ఇంకో తూము పెరిగింది.

"మూడో పాట! నాలుగు తూములు! బిళ్ల నాగదత్తుడిది!"

మాచన అరుగు దగ్గరికి వెళ్ళి, "ఏమిటిది, పోలయ్యా?" అని అడిగాడు.

"ఏముంది, మాచన బాబూ! చేతులు చుక్కాని పట్టనంటున్నాయి. ఈ ఏటి కొలత పొయ్యలేను. బిళ్ల ఊరికే చెల్లకుండా పోయేకంటే అమ్ముకొమ్మంది సంఘం. ఇకమీదట కొలత నాగదత్తుడు పోస్తాడు. నేను పోయాక అయిదు పుట్లూ అతనికే." పోలయ్య నవ్వబోయాడు. "నా రోగానికి ఇంత గిరాకీ ఉందని ఇన్నాళ్ళూ తెలీలేదు."

మాచనకు నవ్వు రాలేదు. బానిసల సంతలో కండ ఉన్నవాడికి ధర పలికేది. ఇక్కడ ఎంత త్వరగా పోతే అంత ధర. ఆ కొలత లెక్క కట్టింది తానే. ఏ వయసులో ఎందరు పోతారో లెక్కించాడు గాని, చేతులు వణికి ఎందరు కొలత ఆపేస్తారో లెక్కించలేదు.

ఆనాటి నుంచి నాగదత్తుడు రోజూ పోలయ్య గుమ్మం ముందుకు వచ్చేవాడు.

"పెద్దాయనా, ఒంట్లో ఎలా ఉంది? ఆయాసం తగ్గలేదు కదా?"

బాగుందంటే అతని ముఖం వాడిపోయేది. ఒకనాడు బెల్లం అరిసెలు పంపాడు. పోలయ్య భార్య నీలమ్మ వాటిని చేటలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తినడానికి భయం. కుక్కకు వెయ్యడానికీ భయం. చివరికి గొయ్యి తీసి పాతిపెట్టింది.

మూడు నెలల్లో నాలుగు తూములూ అయిపోయాయి. అప్పుడు నాగదత్తుడు ఒక మాట అన్నాడు. "పౌర్ణమికి నా పడవ తీర్థయాత్రకు బయలుదేరుతోంది. నువ్వు వస్తే నీలమ్మకు ఏడాది తిండిగింజలు పంపిస్తాను."

"ఆ పడవ నాకు తెలుసు" అన్నాడు పోలయ్య, ఇంటికి వచ్చిన మాచనతో. "మొదటి గాలికే విచ్చుకుంటుంది."

"మరి వెళ్తానన్నావా?"

"నీలమ్మ తినాలి కదా, బాబూ."

"అదేదో నేను అడిగినట్టు!" నీలమ్మ లోపలినుంచి అరిచింది. "గంజి తాగైనా బతుకుతాను గాని, నిన్ను ముంచి వచ్చిన బియ్యం నాకు గొంతు దిగుతుందా?"

పౌర్ణమికి ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి.

మాచన మొదట సంఘం పెద్ద రత్నాకరుడి దగ్గరికి వెళ్ళాడు. "పోలయ్య ముప్పై ఏళ్ళలో మూడు పుట్లు పోశాడు. ముందుగా పోయినవాళ్ళ కుటుంబాలకు అందులో ఒక పుట్టి వెళ్ళింది. మిగతా రెండూ అతనివే. గాదెలోనే ఉండాలి" అన్నాడు.

"కొలత ఆపింది మేమా, అతనా?" అన్నాడు రత్నాకరుడు. "కట్టుబాటంటే కట్టుబాటే, గణకులవారూ."

తర్వాత రాజు దగ్గరికి వెళ్ళాడు. రాజు విసుక్కున్నాడు. "వర్తకుడు మాట ఇచ్చాడు, నావికుడు ఒప్పుకున్నాడు. మధ్యలో నేనెవరిని?"

మాచన ఇల్లు చేరి తాటాకులు ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్క బిళ్లకూ, ఒక్కొక్క ఏటికీ, గాదెలో ఎంత మిగిలి ఉండాలో లెక్క వేశాడు. అన్నం చల్లారిపోయేది. గంటం పట్టిన వేలు బొబ్బలెక్కింది. ఒక అంకె తప్పితే పోలయ్య ప్రాణం పోతుందని ప్రతి లెక్కా మూడుసార్లు సరిచూశాడు. అయిదు రోజులు పట్టింది.

పౌర్ణమి ఇంకా మూడు రోజులుందనగా మళ్ళీ సభకు వెళ్ళాడు. రత్నాకరుడూ అక్కడే ఉన్నాడు.

"మళ్ళీ వచ్చావా?" అన్నాడు రాజు.

"ఒక్క ప్రశ్న, ప్రభూ. అది కూడా శ్రేష్ఠిగారిని. మహారాజుగారి కొలత ఒక్క ఏడు తప్పితే, వారి బిళ్లకూ ఇదే కట్టుబాటా?"

"అందరికీ ఒక్కటే" అన్నాడు రత్నాకరుడు గర్వంగా. "మా సంఘంలో పక్షపాతం లేదు."

"అయితే ఆ బిళ్ల వేలానికి వస్తే కొనడానికి ఎవరైనా రావచ్చు. ఎదురుగా నిలబెట్టి దగ్గమని అడగవచ్చు. కొన్నవాడు రోజూ కోట గుమ్మం దగ్గరికి వచ్చి, ఆయాసం తగ్గలేదు కదా అని కనుక్కోవచ్చు. తీర్థయాత్రకు పడవ కూడా ఏర్పాటు చేయవచ్చు."

రత్నాకరుడు చిక్కులో పడ్డాడు. అవునంటే రాజు చావు కోరేవాడికి సంఘమే బిళ్ల అమ్మినట్టు. కాదంటే కట్టుబాటు సడలించవచ్చని ఒప్పుకున్నట్టు.

రాజు సభలో ఒక్కొక్క ముఖమే చూశాడు. తన చావు ఎవరికి లాభమో అని మొదటిసారి ఆలోచించాడు.

"ఏం చెయ్యమంటావు?" అన్నాడు చివరికి.

"కొలత ఆపినవాడికి అతని భాగం గాదెలో నిలవాలి. బిళ్లల వేలం పోవాలి. గాదెలో ఎంత ఉండాలో ఈ ఆకుల్లో ఉంది. కొలిపించండి."

"లెక్క తప్పైతే?"

"నన్ను వెళ్ళగొట్టండి. కానీ ముందు కొలిపించండి."

మూడు రోజులు కొలిచారు. పైన బంగారంలాంటి ధాన్యం. నడుమ తాలు. అడుగున ఊక. మాచన చెప్పినదానిలో సగమే గింజ తేలింది. మిగతాది వర్తకుల మేడల్లో ఉంది. పౌర్ణమి పొద్దు ఎక్కాక గాని రాజముద్ర పడలేదు.

మాచన శాసనం పట్టుకుని రేవుకు పరుగెత్తాడు. పడవ తెరచాప ఎత్తేసి ఉంది. పోలయ్య ఎక్కేశాడేమోనని ఇంకా వేగంగా పరుగెత్తాడు.

దగ్గరికి వెళ్తే నాగదత్తుడి అరుపులు వినబడ్డాయి.

"తెల్లవారినప్పటినుంచీ అదే పనా! ఎక్కవయ్యా, పెద్దాయనా!"

పోలయ్య నీళ్ళలో మోకాళ్ళ లోతున నిలబడి, చిన్న కొయ్య సుత్తితో పడవ పలకలను ఒక్కొక్కటిగా కొట్టి చెవి ఆనించి వింటున్నాడు.

"సరంగు పలకలన్నీ కొట్టి చూడకుండా పడవ ఎక్కడు బాబూ. మా తాతల నాటి ఆచారం. ఇది నలభై రెండో పలక. బోలుగా పలుకుతోంది. నార దూర్చి తారు పుయ్యాలి. మీరు యాత్రకు వెళ్ళేవారు, మీ ప్రాణం కూడా ముఖ్యమే కదా!"

"నేను రావడం లేదు!" అన్నాడు నాగదత్తుడు నోరు జారి.

ఒడ్డున ఉన్న నావికులంతా అతని వైపు తిరిగారు. జరిగిపోయిన వేలాలు కూడా చెల్లవన్న శాసనాన్ని మాచన రొప్పుతూనే చదివాడు. నాగదత్తుడు గుంపులోంచి సందు చూసుకుని జారుకున్నాడు.

వర్తకులు మేడలు తాకట్టు పెట్టి గాదె నింపారు. పోలయ్య తన రెండు పుట్లలోంచి నాలుగు తూములు నాగదత్తుడికి తిరిగి ఇచ్చేశాడు. మిగిలినది నీలమ్మ నెలనెలా తెచ్చుకుని వండింది. మాచనను రాజు గాదెలకు అధికారిగా నియమించాడు. మాచన ఎవరినీ వదిలిపెట్టలేదు. వర్తకులు కానుకలు పంపితే వాటినీ కొలిచి గాదెలో పోయించాడు. వాళ్ళు ఓపిక పట్టి, రాజు చెవిలో పోరి, నాలుగేళ్ళకు అతని పదవి ఊడగొట్టారు. అతను ఇంటి అరుగు మీద కూర్చుని, అడిగినవారికల్లా వారి భాగమెంతో లెక్క కట్టి చెబుతూ ముసలివాడయ్యాడు. పదవి పోయింది గాని శాసనం పోలేదు.

పోలయ్య మరో ఏడేళ్ళు బతికాడు. ఒక మధ్యాహ్నం గంజి తాగి, నీలమ్మతో ఏదో చెబుతూ చెబుతూ కన్ను మూశాడు. ఊరంతా వచ్చి ఏడ్చింది. ఆ రోజు ఆ పట్టణంలో ఒక్కరు కూడా లోపల సంతోషించలేదు.

కాబట్టి పిల్లలూ, ఒకరికి ఇచ్చిన మాటను మరొకరికి అమ్ముకోకూడదు; దాన్ని నిలబెట్టడానికి కావలసింది మాట ఇచ్చిన రోజు నుంచే కొలిచి పక్కన పెట్టాలి.