మూడు చీపురుపుల్లలు

గిర్రున రెక్కలు తిప్పుకుంటూ ఎగిరే కొయ్యబొమ్మంటే రాజుగారికి ప్రాణం. కానీ అది లేచినప్పుడల్లా ఎడమకి ఒరిగి కూలుతోంది.

"రెక్కల కింది పళ్లెం సమంగానే ఉంది ప్రభూ! సభ ఊడ్చే పైడమ్మ రేపిన దుమ్మే కారణం," అని ఆస్థాన యంత్రజ్ఞుడు విరూపాక్షభట్టు బంగారు కొలబద్ద ఊపుతూ తేల్చాడు. పైడమ్మని పనిలోంచి తీసేయమన్నాడు రాజు.

వెళ్లేముందు పైడమ్మ చీపురుపుల్లని మూడు సమాన ముక్కలు చేసి పళ్లెం కింద చుట్టూ నిలబెట్టబోయింది. రెండు సరిపోయాయి. ఎడంపక్కది దూరలేదు, పళ్లెం అటు కిందికి దిగి ఉంది.

"రాజుగారి యంత్రానికి చీపురుపుల్లలా!" అని మండిపడ్డాడు భట్టు.

"తప్పే బాబయ్యా. తమరి కొలతే నిజం. ఊడ్చడం ఆపేశాను, దుమ్ము లేదు. ఇప్పుడు రాజుగారు బొమ్మని ఎగరేయిస్తారు, తమరు ఎడంపక్కన నిలబడండి, చాలు."

రాజు సైగ చేశాడు. బొమ్మ లేవకముందే భట్టు నాలుగడుగులు కుడికి జరిగాడు.

సభంతా నవ్వింది. మూడో పుల్ల పట్టేదాకా పైడమ్మ పళ్లెం ఎత్తి మేకు బిగించింది. బొమ్మ నిటారుగా లేచింది.

మురిసిపోయిన రాజు ఆ పుల్లల్ని బంగారుపెట్టెలో పెట్టించి, కాపాడే బాధ్యత భట్టుకే అప్పగించాడు.

"దుమ్ము పడనీకండి బాబయ్యా, ఒరిగిపోతాయి," అంది పైడమ్మ, చీపురందుకుంటూ.