నిద్రపోని బొమ్మల కొలువు

అనగనగనగా... ఊళ్ళో కాదర్రా, ఈసారి ఏకంగా కోటలోనే! ఒక రాజుగారు. ఆయనకి పగడమ్మ అని ఒక్కగానొక్క ముద్దుల కూతురు. దసరా వస్తే చాలు, ఆ పిల్లకి కాలు ఒకచోట నిలవదు. సావిడంతా మెట్లు కట్టించి బొమ్మల కొలువు పెట్టేసేది. చెక్క ఏనుగు, లక్క గుర్రం, తలాడించే బామ్మ, రెక్కల రాకాసి... ఓహో, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవనుకోండి! ఊ కొడుతున్నారా?

మరి కొలువు ఎత్తేసే రోజున ఏం చేస్తాం? హారతిచ్చి, జోలపాడి, ఒక బొమ్మని పడుకోబెడతాం కదా. అప్పుడే తక్కిన బొమ్మలకీ ఆట అయిపోయిందని తెలిసేది. పగడమ్మకి అది సుతరామూ ఇష్టం లేదు. పడుకోబెట్టేశానని అబద్ధం చెప్పి, సావిడి తలుపు గొళ్ళెం పెట్టేసింది.

ఇంకేముంది! బొమ్మలు ఆట ఆపితేగా! ఏనుగు ఘీమంది. ఏనుగు ఘీమంటే గుర్రం దౌడు తీసింది. గుర్రం దౌడు తీస్తే బామ్మ తలాడించింది. బామ్మ తలాడిస్తే రాకాసి గంతులేసింది. రాకాసి గంతులేస్తే కోటంతా గడగడలాడింది. రాజుకి నిద్ర లేదు. రాజుకి లేదని రాణికి లేదు, రాణికి లేదని మంత్రికి లేదు, మంత్రికి లేదని వంటవాడికి లేదు. ఆ వంటవాడు తూలుతూ తూలుతూ పాయసంలో ఇంగువ వేశాడు! నవ్వకండర్రా, అసలు గండం ముందుంది.

రాజుగారికి ఒళ్ళు మండిపోయింది. పొద్దు వాలేలోగా బొమ్మలన్నిటినీ పొయ్యిలో పెట్టెయ్యమని భటుల్ని పంపాడు. పగడమ్మ సావిడిలోకి దూరి, వదిన వెంట రాగానే లోపల గొళ్ళెం పెట్టేసి, ఏనుగుని వాటేసుకుని ఒకటే ఏడుపు.

ఆ వదిన, అంటే రాజుగారింటి కోడలు, మహా గడుసుది. తిట్టలేదు, కొట్టలేదు. ఎందుకు పడుకోబెట్టలేదే అని అడిగింది. పెట్టెలో చీకటి వదినా, మా ఏనుగు బెంగెట్టుకుంటుంది, అంది పిల్ల. అయ్యో నా తల్లీ! బెంగ ఏనుగుకా, దీనికా?

వదిన తన మెత్తటి పాత చీర చింపి ఇచ్చింది. పగడమ్మ ఏనుగుని అందులో చుట్టి పడుకోబెట్టింది. దిగ్గున లేచి కూచుంది ఏనుగు! మళ్ళీ పడుకోబెట్టింది. మళ్ళీ లేచింది! బయట భటులు తలుపు బాదేస్తున్నారు. నువ్వలా వెక్కుతూ జోకొడితే దానికి నిద్రెలా పడుతుందే, ముందు నువ్వు సరేననుకో, అంది వదిన.

పగడమ్మ కళ్ళు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది. "పడుకో నాన్నా, మళ్ళీ దసరాకి మొదటి మెట్టు నీదే" అని మనసారా జోకొట్టింది.

అంతే! ఏనుగు పడుకుంది. ఏనుగు పడుకుందని గుర్రం, గుర్రం పడుకుందని బామ్మ, బామ్మ పడుకుందని రాకాసి! తలుపు బద్దలుకొట్టి లోపలికొచ్చిన భటులు ఎక్కడివాళ్ళక్కడే గుర్రు! రాజుగారైతే సింహాసనం మీదే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. లేచాక పొయ్యి మాటే ఎత్తలేదు. వచ్చే ఏటికి ఇంకో మెట్టు కట్టించమన్నాడు!

అందుకే, ఎంత ముద్దొచ్చే ఆటకైనా పడుకునే వేళ చెప్పాలర్రా. చెబితేనే మళ్ళీ హుషారుగా లేస్తుంది. కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం. ఏమే, నీ చేతిలో ఆ చిలక బొమ్మేంటి? ముందు దాన్ని పడుకోబెట్టు.