మంచులో కూర్చున్న గురువు

మంచుకొండల నడుమ ఒక చిన్న రన్‌వే. అక్కడ దోర్జే అనే ముసలాయన చిన్న విమానాలు నడపడం నేర్పేవాడు. కిందటి చలికాలం ఆయన పెద్ద శిష్యుడు పాసంగ్ ఆ మంచులోనే దిగబోయి, జారి, లోయలో పడ్డాడు. మనిషి దక్కలేదు.

ఆనాటి నుంచి చిన్న శిష్యుడు నోర్బుకి కంటినిండా నిద్ర లేదు. దిగాలంటే భయం. అయినా ఒక్కనాడూ దిగకుండా వెనక్కి మళ్లలేదు.

"అంత భయమైతే వెనక్కి వెళ్లిపోవచ్చుగా?" అన్నాడు గురువు.

"కింద అందరూ చూస్తుంటారు గురువుగారూ. పిరికివాడంటారు."

చావంటే భయం, నలుగురూ నవ్వుతారంటే అంతకన్నా భయం. పాపం, మనలో చాలామందికి ఉన్న జబ్బే.

మర్నాడు నోర్బు లోయ కింది ఊరి నుంచి మందుల పెట్టె వేసుకుని ఒక్కడే విమానంలో వస్తున్నాడు. రాత్రంతా మంచు కురిసింది. నేలా ఆకాశమూ ఒకే తెలుపు. పాసంగ్ గుర్తొచ్చాడు. అయినా కిందికే దించుతున్నాడు.

అప్పుడు కనిపించింది, రన్‌వే నడిమధ్యన నల్లటి మచ్చ. మనిషి! గురువు కంబళి కప్పుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

నోర్బుకి పై ప్రాణాలు పైనే పోయాయి. కేక పెట్టి విమానాన్ని ఒక్కసారిగా పైకి లేపాడు. చక్రాలు గురువు తల మీదుగా వెళ్లాయి. ఆయన కదల్లేదు. నోర్బు మళ్లీ అటు చూడలేక, ఏడుస్తూ కింది ఊరికే వెళ్లి దిగాడు.

మందుల పెట్టె జీపులో వేసుకుని సాయంత్రానికి వచ్చిపడ్డాడు. గురువు పొయ్యి దగ్గర దగ్గుతూ టీ కాచుకుంటున్నాడు.

"నేను చూడకపోయుంటే? చచ్చిపోయేవారు కదండీ!"

గురువు అతన్ని రన్‌వే మీదికి తీసుకెళ్లి, బూటుతో మంచు పక్కకి తోశాడు. అడుగున నీరు అద్దంలా గడ్డకట్టి ఉంది. నోర్బు కాలు పెట్టగానే జర్రున జారింది. పడబోతుంటే గురువు పట్టుకున్నాడు.

"ఈ మాట రేడియోలో చెప్పొచ్చు కదా?"

"పాసంగ్‌కి చెప్పాను. అయినా దిగబోయాడు."

గురువు నోర్బు భుజం మీద చెయ్యి వేశాడు.

"రన్‌వే మీద మనిషున్నాడని పైకి లేపావు" అన్నాడాయన. "విమానంలోనూ ఒక మనిషుంటాడు నాయనా."