ఊఁ ఆగిన చోటు

అనగనగా, తాటాకుల మీద గంటంతో రాసుకునే కాలంలో, మేడికొండ అనే రాజ్యం ఉండేది. అక్కడ పుస్తకం రాయడం ఎవరి ఇష్టం వారిది. దాన్ని పదిమందికీ చేర్చడం మాత్రం రాజుగారి చేతిలో ఉండేది. సభలో నెగ్గిన పుస్తకానికి ఆస్థాన లేఖకులు నకళ్లు రాసి ఊరూరికీ పంపేవారు.

నెగ్గడం ఎలాగంటారా? ఆ సభలో మైలారయ్య అనే ముసలాయన ఉండేవాడు. కథకు ఊఁ కొట్టడమే ఆయన కొలువు. రాసినవారు చదువుతుంటే ఆయన ఊఁ కొట్టాలి. చివరిదాకా ఊఁ వినబడితే పుస్తకం గట్టెక్కినట్టే. మధ్యలో ఆగితే తాటాకుల కట్ట సర్దుకుని ఇంటికి పోవలసిందే. ఎందుకు ఆగిందని ఎవరూ అడగకూడదు, ఆయన చెప్పకూడదు. మూడోసారి కూడా ఆగిందా, ఆ కట్టను ఏట్లో వదిలేయాలి. కఠినమైన ఆచారమే, కానీ ఏ రాజూ దాన్ని మార్చలేదు.

ఆ రాజ్యంలో పేరమ అనే అమ్మాయి తల్లి కాచమతో కలిసి నూలు వడికి బతికేది. వాళ్ల సొంత ఊరు మొగలిపాడు ఏటి ఒడ్డున ఉండేది. ఒక వానాకాలం ఏరు పొంగి ఊరంతా ఊడ్చుకుపోయింది. పేరమ చెల్లెలు లచ్చి కూడా అందులోనే పోయింది. ఇప్పుడు ఆ ఊరి పేరు కూడా జనం మరిచిపోతున్నారని పేరమకు దిగులు. అందుకే తండ్రి నేర్పిన అక్షరాలతో, పద్యాలు కాకుండా మామూలు మాటల్లో, మొగలిపాడు కథంతా రాసింది. అది ఆమె తొలి పుస్తకం. ఏళ్లు పట్టింది, వేళ్లు కాయలు కాశాయి.

రాశాక తల్లికి చదివి వినిపించింది. వరద దాకా రాకముందే కాచమ చెవులు మూసుకుంది.

"కథే కదమ్మా, నీ చేతిలోనే ఉంది కదా. అందులోనైనా నా బిడ్డను బతికించవే" అంది.

తల్లి మాట కాదనలేక పేరమ కథలోకి ఒక దేవతా హంసను తెచ్చింది. అది వరదలో దిగి, లచ్చిని వీపున ఎక్కించుకుని గట్టు చేర్చింది.

మొదటిసారి సభకు వెళ్లేముందు, ఎవరో సలహా ఇచ్చారని, రాజవంశాన్ని పొగుడుతూ బోలెడు ఆకులు ముందు చేర్చింది. మైలారయ్య కాసేపు ఊఁ కొట్టి ఊరుకున్నాడు. అసలు కథ ఇంకా మొదలే కాలేదు. రాజుగారికి మాత్రం ఇంకాస్త వినాలని ఉన్నట్టుంది, కానీ ఆచారం ఆచారమే. పేరమ సిగ్గుపడి ఇంటికి రాగానే ఆ ఆకులన్నీ తీసేసింది.

రెండోసారి ఊఁ చక్కగా సాగింది. మొగలిపాడు వీధులు, తగవులు, పెళ్లిళ్లు అన్నీ దాటి కథ వరద దాకా వచ్చింది. హంస రెక్కలు విప్పిందో లేదో, ఊఁ ఆగిపోయింది. పేరమకు కోపం వచ్చింది. ఆ ముసలాయనకు చెవుడేమో అనుకుంది. ఇంటికి నడుస్తూ నడుస్తూ దారిలోనే ఏడ్చింది. ఆ హంసను రాసేటప్పుడు తన మనసు కూడా ఊఁ అనలేదని ఆమెకు తెలుసు.

ఇక మిగిలింది ఒక్క అవకాశమే. నిజం రాస్తే అమ్మ తట్టుకోలేదు. రాయకపోతే మొగలిపాడు రెండోసారి ఏటిపాలవుతుంది. బాగా ఆలోచించుకుని పేరమ తల్లి పక్కన కూర్చుంది.

"హంసను తీసేస్తానమ్మా. లచ్చి రాలేదు. రాలేదనే రాస్తాను" అంది.

కాచమ లేచి వెళ్లి రాట్నం ముందు కూర్చుంది. ఆ రోజు అన్నం ముట్టలేదు. కానీ పేరమ సభకు బయలుదేరిన నాడు, పిలవకుండానే వెంట వచ్చి వెనక స్తంభం పక్కన కూర్చుంది.

పేరమ చదివింది. వరద వచ్చింది. లచ్చి చూరు పట్టుకుని అక్కను పిలిచింది. అమ్మను, అక్కను గట్టున దించి పడవ తిరిగి వెళ్లేసరికి చూరూ లేదు, ఇల్లూ లేదు. అమ్మ గట్టు మీద నిలబడి గొంతు పోయేదాకా బిడ్డను పేరుపెట్టి పిలుస్తూనే ఉంది.

అక్కడ ఊఁ ఆగింది.

పేరమ ఆకులు సర్ది, దారం చుట్టడం మొదలుపెట్టింది. కట్టను ఏటికి తీసుకుపోవడానికి భటుడు ముందుకు వచ్చాడు.

అప్పుడు స్తంభం పక్క నుంచి "ఊఁ" అని వినబడింది. అందరూ తిరిగి చూశారు. కాచమ కళ్లు కూడా తుడుచుకోకుండా కూతురినే చూస్తోంది.

"ఊఁ. చెప్పమ్మా, తర్వాత?" అంది.

ఊఁ కొట్టే కొలువు మైలారయ్యదే, ఈవిడది చెల్లదని మంత్రి అభ్యంతరం చెప్పాడు. రాజుగారు ఆచారాన్ని పక్కనపెట్టి, ఎందుకు ఆపావని మైలారయ్యనే అడిగారు. ముసలాయన మెల్లగా లేచి నిలబడ్డాడు.

"నేను ఆపలేదు ప్రభూ. నా గొంతు పూడుకుపోయింది. నా పని ఆ తల్లి చేసింది" అన్నాడు.

రాజుగారు చదవమన్నారు. పేరమ చివరి ఆకు దాకా చదివింది. ఊఁ కొట్టింది కాచమే. ఆ ఏడే లేఖకులు నకళ్లు రాశారు. ఏరు కూడా ఎరగని ఊళ్లలో జనం మొగలిపాడు పేరు, లచ్చి పేరు తమ పిల్లలకు చెప్పుకున్నారు.

కనుక పిల్లలూ, మెప్పు కోసమో నొప్పి దాచడానికో అల్లిన మాట దగ్గర కథ ఆగిపోతుంది. ఏడుస్తూ అయినా నిజం చెబితే, ఏడ్చేవాళ్లే దాన్ని ముందుకు నడిపిస్తారు.