ఎవరికీ వినపడని తుమ్ము

భీమలింగంగారు సన్నాయి నేర్పేటప్పుడు కోప్పడేవారు కాదు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పేవారూ కాదు. అందుకే శిష్యుడు నూకరాజు ఆయన్ని ఏదైనా అడగాలంటే ముందుగా కాస్త దిగులు పడేవాడు.

నూకరాజుకి ఉబ్బసం. డాక్టరుగారు మందు పీల్చే పంపులు రెండిచ్చారు. ఒకటి ఊపిరి అందనప్పుడు వెంటనే పీల్చడానికి. రెండోది బాగున్నా బాగోకపోయినా రోజూ రెండు పూటలా పీల్చి నోరు పుక్కిలించడానికి. మనవాడికి మొదటిదానిమీదే గురి. నెలరోజులు హాయిగా గడిచేసరికి రెండోదాన్ని సంచి అడుగున పడేశాడు. పోయిన వారం ఒక ఊళ్లో రాగం మధ్యలో ఊపిరాడక సన్నాయి దించేశాడు. ఇక ఈ విద్య తనకి దక్కదేమోనని బెంగ పట్టుకుంది. అయినా ఓ పెళ్లికి బయల్దేరుతూ గురువుగారిని అడగనే అడిగాడు, ఆయాసం లేని రోజున కూడా మందెందుకని. ఆయన విననట్టే బస్సెక్కారు.

మంగళసూత్రం కట్టే క్షణంలో తుమ్మో అపశకునపు మాటో ఎవరి చెవినా పడకుండా గట్టిమేళం హోరెత్తించడం మన ఆచారం కదా. పెళ్లికొడుకు సూత్రం అందుకోబోతుండగా గురువుగారు నూకరాజు చెవిలో మెల్లగా అన్నారు: “ఎవరూ తుమ్మడం లేదుగా, ఊపిరి దండగ చేసుకోకు. ఎవరైనా తుమ్మితే అప్పుడు వాయిద్దువుగాని.”

నూకరాజు హడలిపోయాడు. “తుమ్మాక వాయిస్తే ఏం లాభమండీ?” అంటూ జన్మలో మొదటిసారి గురువుగారి మాట కాదని సన్నాయి ఎత్తాడు. డోలు అందుకుంది. పందిరి దద్దరిల్లింది. సరిగ్గా అప్పుడే సాంబ్రాణి పొగ ముక్కుకెక్కి పెళ్లికూతురి మేనమామ ఒళ్లంతా అదిరేలా తుమ్మాడు. ఆయన కండువా ఎగిరి అక్షింతల పళ్లెంలో పడింది గాని, చప్పుడు మాత్రం ఎవరికీ వినపడలేదు.

మేళం ఆగాక నూకరాజు ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. మొదటి పంపు పీల్చి, పందిరి వెనక కుర్చీలో కూర్చుని ఊపిరి కుదుటపడేదాకా ఆగాడు. ఆ తర్వాత, తాను ఇక మేళానికి పనికిరానేమోనని గురువుగారితో అంటుంటే కళ్లు చెమర్చాయి.

భీమలింగంగారు అతని సంచిలో చెయ్యి పెట్టి, అడుగున ఉన్న రెండో పంపు తీసి, దుమ్ము తుడిచి అతని చేతిలో పెట్టారు.

“గట్టిమేళం భేషుగ్గా వాయించావురా, ఒక్క తుమ్మూ వినపడలేదు. మరి దీన్నెందుకు ఎవరో తుమ్మేదాకా సంచిలో కూర్చోబెట్టావు?”