టీవీకి రెండో పెళ్ళి

దేవుడు తెలివి బస్తాలకెత్తుకుని వెలగలపాడు వస్తే, మొదటి బస్తా తమ అరుగు మీదే దించాడని గుండుబోగుల వారి నమ్మకం. మిగతా ఊరికి దక్కినవన్నీ దారిలో రాలిన గింజలేనట! ఇంటిపెద్ద వీర్రాఘవులు కొత్త గొడుగు కొన్నాడు. వానొస్తే అది తడిసిపోతుందని చొక్కాలో దాచుకుని, తను తడుస్తూ ఇంటికొస్తాడు. "మా ఆయనకి ఎంత జాగ్రత్తో!" అని భార్య మంగతాయారు మురిసిపోతుంది. కొడుకు పాండురంగం ఇద్దరినీ మించినవాడు. ఇక కోడలు సువర్చల అంటారా, వాళ్ళు ఏరికోరి తెచ్చుకున్న పిల్ల. వేరే చెప్పాలా?

ఆ ఇంట్లో బీరువా అంత టీవీ ఒకటుంది. పట్నంలో ఏదో క్లబ్బు మూసేస్తుంటే చవగ్గా దొరికింది. దాని కడుపులో ఓ ల్యాంపు వెలిగి, వెనకనించి తెర మీద బొమ్మ వేస్తుంది. ఆ ల్యాంపు కాస్తా ముందురోజు రాత్రి 'టప్' మంది. బొమ్మ పోయింది.

బొమ్మతో పాటు సువర్చల ప్రాణమూ పోయినంత పనైంది. ఎందుకంటే ఇవాళ సాయంత్రం ఆరింటికి వంటల కార్యక్రమంలో ఆమె పట్నం వెళ్ళి చేసొచ్చిన గుత్తివంకాయ కూర రాబోతోంది. కాపురానికొచ్చిన దగ్గర్నించి అత్తగారు ఆమెని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. "నీకు వంటొచ్చని టీవీవాళ్ళు చూపిస్తే ఆ పూటే వంటిల్లు నీకు అప్పగిస్తా" అని మాత్రం మాటిచ్చింది. అందుకే సువర్చల తెల్లారగానే మొగుణ్ణి పట్నం తరిమి కొత్త ల్యాంపు తెప్పించింది.

ల్యాంపు అమ్మిన మెకానిక్ మస్తాను మర్యాదస్తుడు. "మీరే మార్చుకోవచ్చండీ, ఏ అనుమానం వచ్చినా ఫోన్ చెయ్యండి" అన్నాడు. పాపం, తెలీక అన్నాడు.

మొదటి ఫోన్‌లోనే చెప్పాడు. "టీవీ ఆపాక గంటసేపు చల్లారనివ్వండి, ఆ తర్వాతే పాత ల్యాంపు తియ్యండి."

టీవీ నిన్న రాత్రి నించీ ఆపే ఉంది. పాండురంగం తల గోక్కున్నాడు.

"ఆపాక అన్నాడు నాన్నా. ఆపాలంటే ముందు పెట్టాలిగా!"

అంతే. పెట్టాడు, ఆపాడు. వీర్రాఘవులు విసనకర్ర తీసుకుని విసరడం మొదలెట్టాడు. మంగతాయారు టీవీ నెత్తి మీద తడిగుడ్డ వేసి, మధ్యమధ్య మెడ కిందనుకున్న చోట చెయ్యి పెట్టి చూస్తూ "ఇంకా కాస్త వేడిగానే ఉందిరా" అంది. గంట గడిచింది.

పాత ల్యాంపు ఊడింది. మళ్ళీ ఫోన్. "కొత్తదాని గాజుకి చెయ్యి తగలకూడదు, టీవీ వెనక ఊడదీసిన మూత ఎక్కడా పారెయ్యకండి, జాగ్రత్త" అన్నాడు మస్తాను. ఇంకేముంది, మంగతాయారు మూతని పట్టుచీరల మధ్య పెట్టి బీరువాకి తాళం వేసేసింది. పాండురంగం చేతులు వెనక్కి మడుచుకుని, ల్యాంపుని రెండు మోచేతుల మధ్య ఇరికించుకుందామని చూశాడు. చేతులు వెనకుంటే మోచేతులూ వెనకే ఉన్నాయి. చివరికి సువర్చల దాని ప్లాస్టిక్ పిడిని మోచేతుల మధ్యకి అందిస్తే, వెనక్కి వెనక్కి నడిచి ఎలాగో టీవీలో దూర్చాడు. స్విచ్చి వేశారు. వెలగలేదు.

"మూత బిగించారా?" అన్నాడు మస్తాను. "అది లేకపోతే వెలగదు. దానికన్నా ముందు ల్యాంపుని 'టక్' మని శబ్దం వచ్చేదాకా లోపలికి నొక్కండి."

వీర్రాఘవులు పంచె ఎగగట్టి నొక్కాడు. శబ్దం లేదు. ఇంకా నొక్కాడు. మొహం కందగడ్డ అయింది. మొగుడి అవస్థ చూడలేక మంగతాయారు నాలికతో "టక్" అంది.

"వచ్చింది!" అని ఆయన చెయ్యి తీసేశాడు. మూత తెచ్చి బిగించారు. స్విచ్చి వేశారు. బొమ్మ రాలేదు సరికదా, కింద ఓ ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతూ మిటకరించింది.

అయిదు దాటింది. సువర్చల ఫోన్‌లోనే ఏడ్చేసింది. అవతల మస్తాను గొంతు కూడా ఏడుపులానే ఉంది. "అంతా సరిగ్గా పెట్టామంటున్నారు కాబట్టి, టీవీకి ఇంకా పాత ల్యాంపు లెక్కే గుర్తున్నట్టుందమ్మా. పాతది పోయింది, కొత్తది వచ్చిందని దానికి తెలియాలి. రిమోట్ తీసుకుని..."

"అయ్యో, ఇంతేనా! మేం చెబుతాంలే" అని ఫోన్ పెట్టేసింది.

నలుగురూ టీవీ ముందు చేరారు. ఇలాంటి కబురు పెద్దవాళ్ళే చెప్పాలి కాబట్టి వీర్రాఘవులు గొంతు సవరించుకున్నాడు.

"చూడు నాయనా, గుండె దిటవు చేసుకో. నీ పాత ల్యాంపు నిన్న రాత్రి పోయింది."

ఎర్ర దీపం మిటకరిస్తూనే ఉంది.

"చూడండి, ఏడ్చి ఏడ్చి కన్ను ఎలా ఎర్రబడిందో!" అని మంగతాయారు కొంగు నోట్లో కుక్కుకుంది. ఉన్నట్టుండి ఉలిక్కిపడింది. "ఏవండీ, ఘోరం జరిగిపోయింది! పెళ్ళి కాకుండానే కొత్తదాన్ని తెచ్చి ఇతగాడింట్లో దింపేశాం. మర్యాదస్తుడు, ఎలా ఒప్పుకుంటాడు?"

నిజమే కదా అనుకున్నారు అందరూ. అప్పటికప్పుడు పెళ్ళి నిశ్చయమైంది. పసుపు తాడు టీవీ చుట్టూ చాలక, బట్టలారేసే తాడుకి పసుపు రాసి కట్టారు. సువర్చల తలంబ్రాలు పోసింది. వీర్రాఘవులు తనకి తెలుసన్న మంత్రం చదివాడు, అది ఎక్కాలపట్టీ. పాండురంగం 'గట్టిమేళం!' అని అరుస్తూ, డోలు లేదని టీవీ వెనక మూత మీదే దబదబా బాదాడు.

సగం దూరి ఆగిపోయిన ల్యాంపు ఆ దెబ్బలకి లోపలికి పోయి కూర్చుంది. టక్!

"ఈసారి నేను అనలేదండోయ్!" అంది మంగతాయారు.

తెర తెల్లబడింది. బొమ్మ వచ్చింది! సరిగ్గా అప్పుడే వంటల కార్యక్రమం బాజా మొదలైంది. సువర్చల ఆనందం పట్టలేక గెంతింది. "అత్తయ్యా, ఇదే! ఇప్పుడు నేనొస్తాను, చూడండి!"

"ఛీ ఛీ, లేవండి ముందు!" అని మంగతాయారు అందర్నీ కసిరింది. "కొత్త దంపతులు మొదటిసారి మొహాలు చూసుకుంటుంటే నలుగురం మధ్యలో కూర్చుంటామా? సిగ్గుండొద్దూ?"

సువర్చల నాలిక్కరుచుకుంది. "నిజమే అత్తయ్యా, నాకు తట్టనే లేదు." గబగబా ఓ గ్లాసుడు పాలు తెచ్చి టీవీ ముందు పెట్టి, తన చేత్తోనే తలుపు దగ్గరగా వేసింది. అందరూ అరుగు మీదకొచ్చి బుద్ధిగా కూర్చున్నారు.

లోపల్నించి ఆడగొంతు వినిపించింది. "ముందుగా లేత వంకాయలు తీసుకోవాలండీ..."

"పెళ్ళికూతురు మాట్లాడుతోంది!" అన్నాడు పాండురంగం.

"...నువ్వులు, ఎండుమిర్చి దోరగా వేయించాలి. మాడనివ్వకూడదు."

మంగతాయారు మొహం వెలిగిపోయింది. "విన్నావుటే సువర్చలా? మెళ్ళో తాడు పడి ఇంతసేపు కాలేదు, అప్పుడే మొగుడికేం వండాలో చూసుకుంటోంది. వంటంటే ఆ పిల్లదే! రేపట్నించి మన వంటిల్లు ఆమెకే అప్పగిస్తా."

సువర్చల తలుపుకి చెవి ఆనించి కాసేపు విన్నది. ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది. పెద్దగా నిట్టూర్చింది.

"నాక్కూడా కాస్త నేర్పమని చెప్పండి అత్తయ్యా" అంది.